ఉద్యోగికో గిన్నె

జిల్లా సమన్వయ కార్యాలయంలో సీనియర్ సూపరింటెండెంటు తమ్మోజు నీలకంఠం ఆ సాయంత్రం మైకు పట్టుకోకపోతే ఏ గొడవా ఉండేది కాదు. ప్లేటులో లడ్డూ, కారప్పూస, అరటిపండు పెట్టి చేతికిచ్చారు. తిని కూర్చుంటే సరిపోయేది. కానీ రిటైరవుతున్న డఫేదారు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డఫేదారు గురించి ఆయనకి నాలుగు మాటలు తెలియవు. అందుకని తన గురించి చెప్పుకున్నాడు.

"మాది కంచరి వంశం. తాతముత్తాతల నుంచి రాగి రేకుని సుత్తితో కొట్టి గిన్నెలు చేసినవాళ్లం. మా ఇంట్లో బీపీ అన్న మాటే వినలేదు. కోపం వస్తే రాగి మీద చూపించేవాళ్లం. మనిషి మీద చూపిస్తే ఎంక్వైరీ అవుతుంది, రాగి మీద చూపిస్తే గిన్నె అవుతుంది."

చప్పట్లు బాగా పడ్డాయి. ఆ 'వాళ్లం'లో తననెందుకు కలుపుకున్నాడో నీలకంఠానికే తెలియదు. పదమూడో ఏట తండ్రి సుత్తి చేతికిస్తే మొదటి దెబ్బ తన బొటనవేలి మీదే వేసుకున్నాడు. తండ్రి ఆ వేలికి పసుపు రాసి, "నువ్వు బడికే పో నాయనా, రాగి బతికిపోతాది" అన్నాడు. అంతటితో ఆయన కంచరిపని పూర్తయింది. ఇప్పుడు కంచర వీధిలో మిగిలిన కొలిమి ఒక్కటే, చిన్నాన్న సోమలింగాచారిది. ఆయనకి డెబ్బై ఏళ్లు దాటాయి. జిల్లాలో ఎవరికి రాగి బిందె సొట్ట తీయాలన్నా, కొత్త చెంబు కావాలన్నా ఆ కొలిమి దగ్గరికే రావాలి. నీలకంఠం ఏడాదికోసారి వెళ్లి దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకునేవాడు. కులవృత్తికి తను చేస్తున్న సేవ అదేనని నమ్మేవాడు.

ముందు వరుసలో జాయింట్ డైరెక్టర్ విజయసారథి గారు కూర్చుని ఉన్నారు. 'ఒత్తిడి లేని పాలన' మీద మూడు రోజుల శిక్షణ ముగించుకుని ముందు రోజే దిగారు. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అని ఒక సామెత ఉంది గానీ, పై అధికారుల విషయంలో అలాంటివి గుర్తుకు రాకూడదు గనక నీలకంఠానికి రాలేదు. 

మర్నాడు పదిన్నరకి పిలుపొచ్చింది.

"నీలకంఠం గారూ, మీ రక్తంలో నిక్షిప్తమై ఉన్న విజ్ఞానాన్ని పాలనా యంత్రాంగంతో అనుసంధానం చేయాల్సిన చారిత్రక ఆవశ్యకత ఏర్పడింది," అన్నారు సారథి గారు.

"చిత్తం సార్."

"మన అరవై ఇద్దరు ఉద్యోగులూ తలా ఒక రాగి గిన్నె చేయాలి. సుత్తితో, స్వహస్తాలతో. మీరే నోడల్ అధికారి, మీరే ప్రధాన శిక్షకులు. ఉత్తర్వు ముసాయిదా కూడా మీరే రాయండి."

తనకి గిన్నె చేయడం రాదని చెప్పడానికి నీలకంఠం నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే 'ముసాయిదా' అన్న మాట చెవిన పడింది. జిల్లాలో తనంత బాగా ముసాయిదా రాసేవాడు లేడని ఆయనకి గట్టి నమ్మకం. తెరిచిన నోరు "అలాగే సార్" అని మూసుకుంది. మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు తయారైంది.

"ప్రతి ఉద్యోగియు తొమ్మిది అంగుళముల వ్యాసముగల రాగి రేకు నుండి గిన్నె ఒకటి రూపొందించి, సదరు వివరములను సర్వీసు రిజిస్టరునందు నమోదు చేయించుకొనవలెను. గిన్నె లేని ఉద్యోగి ఒత్తిడితో ఉన్నట్లు పరిగణింపబడును."

చివరి వాక్యం సారథి గారికి ఎంతో నచ్చింది. నీలకంఠానికి కూడా నచ్చింది, రెండుసార్లు చదువుకున్నాడు.

వారం తిరిగేసరికి రేకులు, సుత్తులు, నడిమధ్య గుంట చెక్కిన మామిడి మొద్దులు దిగాయి. సోమవారం ఉదయం అరవై ఒక్క సుత్తులు ఒక్కసారి లేచాయి. అర్జీ పట్టుకుని మెట్లెక్కుతున్న ఒక ముసలమ్మ, ఆఫీసు పడగొట్టేస్తున్నారనుకుని సంతోషంగా వెనక్కి వెళ్లి ఊళ్లో చెప్పింది. నీలకంఠం చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, "మణికట్టు... మణికట్టు చూసుకోండి" అంటూ పోయాడు. మణికట్టుని ఏం చూసుకోవాలో ఎవరూ అడగలేదు. అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు.

మొదటి రెండు రోజులూ రేకులు చెప్పినట్టు విన్నాయి. మూడో రోజు మొండికేశాయి. ఎంత కొట్టినా సుత్తి ఎగిరి వెనక్కొస్తోంది తప్ప రేకు లొంగడం లేదు. ప్రధాన శిక్షకుడు ఆలోచించి, "ఇంకా గట్టిగా కొట్టండి" అన్నాడు. సాయంత్రానికి అన్ని రేకులూ అంచుల దగ్గర పగుళ్లిచ్చాయి.

నీలకంఠం ఒక పగిలిన రేకుని సంచిలో వేసుకుని కంచర వీధికి వెళ్లాడు.

"చిన్నాన్నా, సరుకు మంచిది కాదనుకుంటాను."

సోమలింగాచారి రేకుని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సరుకుకేటి, బంగారంలాటి సరుకు. ఎన్ని తడవలు కాల్చినావు?"

"కాల్చడమేంటి?"

ముసలాయన పట్టకారు కింద పెట్టి, కళ్లజోడు తీసి, నీలకంఠాన్ని పైనుంచి కింద దాకా చూశాడు. "ఒరే, నువ్వు మా అన్న కొడుకువేనా? దెబ్బలు తిన్న రాగి బిగుసుకుపోతాది. అప్పుడింకా కొడితే పగుల్తాది. ఎర్రగా కాల్చి నీల్లలో ముంచితే మల్లీ మెత్తబడతాది. కొట్టు, కాల్చు, కొట్టు, కాల్చు. గిన్నెకి ఏడెనిమిది తడవలు. సుత్తి సేసేది సగమే, మిగతాది నిప్పు సేస్తాది. మీ నాన్న సెప్పలేదా నీకు?"

"చెప్పే ఉంటాడు. అప్పుడు నేను బొటనవేలు చూసుకుంటున్నాను."

ఇంతకీ నిప్పు కావాలి. ప్రభుత్వ భవనంలో అగ్గిపుల్ల గీయకూడదని అగ్నిభద్రత పరిశీలకుడు దండపాణి గారు మూడు గోడల మీద మూడు బోర్డులు పెట్టించి ఉన్నారు. బయట కాల్పించుకుంటామని ఫైలు పంపితే, అలా కాల్చే చోటుకి ముందు అనుమతి ఉండాలని తిరుగు టపాలో రాశారు. నీలకంఠానికి ఇక్కడే ఒక మంచి ఆలోచన వచ్చింది. అనుమతుల పద్ధతి పెడితే మొదటి అనుమతి చిన్నాన్న కొలిమికే ఇప్పించవచ్చు, ముసలాయనకి ఒక గుర్తింపూ దక్కుతుంది. నిబంధనని తనే స్వయంగా, ఎంతో ప్రేమతో రాశాడు.

"సదరు పథకమునకు సంబంధించి రాగిని గానీ, మరే పదార్థమును గానీ వేడిచేయు ప్రతి ప్రదేశమునకు అనుమతి పొందవలెను. అనుమతి లేని ప్రదేశమును తక్షణము మూసి సీలు వేయవలెను. అనుమతి దరఖాస్తుపై, నీరు కారని గిన్నెను స్వయముగా చేసిన ఉద్యోగి పర్యవేక్షకునిగా సంతకము చేయవలెను."

ఆ పర్యవేక్షకుడు తనేనని ఆయన ఉద్దేశం. తనకి గిన్నె చేయడం రాదన్న సంగతి ముసాయిదా ఊపులో మళ్లీ మరిచిపోయాడు.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. దండపాణి గారు మొదటి వాక్యం వదిలేసి రెండోది పట్టుకున్నారు. జిల్లాలో రాగిని వేడిచేసే చోట్లు ఎన్ని అని లెక్క తీయిస్తే ఒక్కటే తేలింది. ఇద్దరు సిబ్బందితో కంచర వీధికి వెళ్లారు.

"లోపల ఇంత చీకటేమిటి? వెలుతురు ప్రమాణాలు పాటించడం లేదే," అన్నారు గుమ్మంలో నిలబడి.

"ఎలుతురుంటే ఎరుపు కనపడదు బాబూ. రేకు ఏపాటి కాలిందో రంగు సూసి సెప్పాల. అందుకే కిటికీ మూసుకుంటాం," అన్నాడు సోమలింగాచారి.

దండపాణి గారు 'నిప్పును ఉద్దేశపూర్వకముగా చీకటిలో ఉంచినట్లు అంగీకరించిరి' అని రాసుకున్నారు. "మీకీ పని వచ్చునని ధ్రువపరిచే పత్రం?"

ముసలాయన లోపలికెళ్లి, అప్పుడే పూర్తి చేసిన బిందె ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. దండపాణి గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "బాగుంది. కానీ బిందె జతపరచడానికి ఫారంలో గడి లేదు."

సీలు వేయడానికి లక్క కరిగించాలి. అగ్నిభద్రత సిబ్బంది అగ్గిపెట్టె వెంట ఉంచుకోకూడదన్నది వారి నిబంధన. అంచేత సోమలింగాచారే తిత్తి ఊది, ఆ కొలిమి నిప్పు మీదే లక్క కరిగించి వాళ్లకిచ్చాడు. ఇంటికొచ్చినవాళ్లకి సాయం చేయకుండా ఎలా ఉంటాడు? ఆ తర్వాత ఆయన్ని బయటికి రమ్మని తలుపుకి తాళం వేసి, తాళం మీద ముద్ర కొట్టారు.

సాయంత్రం నీలకంఠం పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి చిన్నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి. ఆ చేతులు ఊరికే ఉండగా నీలకంఠం అంతకు ముందెప్పుడూ చూడలేదు. 

"ఆ కాయితం నువ్వే రాసినావటగా," అన్నాడు ముసలాయన. "అక్షరాలు గుండ్రంగా బాగున్నాయిరా."

నీలకంఠానికి ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు.

ఆఫీసులో పథకం మాత్రం ఆగలేదు. నిప్పు లేకుండా గిన్నె కాదు గనక, గిన్నె అంటే ఏమిటో సవరించారు. 'మధ్యభాగము అంచుకంటే ఏ కొంచెము లోతుగా ఉన్నను గిన్నెగా పరిగణించవలెను' అని సవరణ వచ్చింది. దాంతో పళ్లేలన్నీ గిన్నెలయ్యాయి. నీళ్లు పోసి చూస్తే పగుళ్లలోంచి కారిపోయాయి. నీళ్లకి బదులు శనగలు పోసి చూడవచ్చునని రెండో సవరణ వచ్చింది. కొన్ని గిన్నెల్లోంచి శనగలూ రాలాయి. శనగలకి బదులు నిమ్మకాయలన్నారు. రికార్డు రూం గుమాస్తా గిన్నెలోంచి నిమ్మకాయ కూడా జారి కింద పడటంతో, ఎవరికీ అన్యాయం జరగకూడదని గుమ్మడికాయ పరీక్ష ఖాయం చేశారు. ఈ సవరణలన్నీ నీలకంఠమే రాశాడు. భాషలో ఒక్క తప్పు లేదు.

కొలిమి తలుపు తెరవడానికి దారి ఒక్కటే ఉందని ఆయనకి తెలుసు. నీరు కారని గిన్నె చేసిన ఉద్యోగి సంతకం పెట్టాలి. అరవై ఒక్కమంది గుమ్మడికాయల దగ్గర స్థిరపడ్డారు. మిగిలింది తనే.

ఆదివారం పొద్దున్నే చిన్నాన్నని ఇంటికి తీసుకొచ్చాడు. వంటింటి కిటికీలు మూశారు. ముసలాయన పీట మీద కూర్చున్నాడు. నీలకంఠం భార్య కామాక్షి పప్పు గిన్నె దించి గ్యాస్ పొయ్యి ఖాళీ చేసింది.

"మీ రాగి ఎంతసేపు ఉడకాలి?" అంది.

"చీకటిగుంటే చాలమ్మా, అదే సెప్తాది," అన్నాడు సోమలింగాచారి.

ఇంకా సుత్తి తగలని తన వాటా రేకుని పట్టకారుతో పట్టుకుని, మంట మీద తిప్పుతూ కాల్చారు. రేకు మసిబారి, నల్లబడి, ఆ నలుపులోంచి మెల్లగా ఎరుపు పుట్టింది. "దించు" అన్నాడు చిన్నాన్న. బకెట్లో ముంచితే సుయ్యిమంది. పెరట్లో మొద్దు మీద పెట్టి సుత్తి వేస్తే, ఆఫీసులో అందరి దగ్గరా మొరాయించిన రాగి ఇక్కడ దెబ్బ కింద మెత్తగా ఒదిగింది. నీలకంఠానికి ఒళ్లు పులకరించింది. తన మాట విన్న వస్తువు ఒకటి ప్రపంచంలో ఉందని యాభై నాలుగో ఏట తెలిసింది. ఆ సంతోషంలో తర్వాతి దెబ్బ బొటనవేలి మీద పడింది.

"ఆ యేలు ఇంకా అక్కడే ఎట్టినావేటి?" అన్నాడు చిన్నాన్న.

కొట్టడం, కాల్చడం, ముంచడం తొమ్మిదిసార్లు జరిగింది. మధ్యలో కామాక్షి పప్పు కూడా ఉడికించుకుంది. సాయంత్రం నాలుగింటికి ఒక గిన్నె తేలింది. ఒక పక్కకి ఒరిగి ఉంది, అంచు వంకర. నీళ్లు పోసి పొడి పిండి మీద పెట్టి గంటసేపు చూశారు. పిండి తడవలేదు. 

కంచరి చేసిన గిన్నె మీద ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టడం ఆనవాయితీ.

"నీ పేరే కొట్టు చిన్నాన్నా. చేయించింది నువ్వే," అన్నాడు నీలకంఠం, కళ్లు తుడుచుకుంటూ.

"ఈ వంకర గిన్నె మీద నా పేరా? మన ఈది పరువేం కావాల?" అన్నాడు సోమలింగాచారి. ఉలి తీసుకుని ఓపిగ్గా కొట్టాడు. 'ఇది నీలకంఠం చేసినది. సోమలింగం చేసినది కాదు.'

గురువారం గిన్నెల పరీక్షకి కమిటీ కూర్చుంది. సారథి గారు అధ్యక్షులు, దండపాణి గారు సభ్యులు. హాల్లో అరవై ఒక్క గిన్నెల మీద అరవై ఒక్క గుమ్మడికాయలు కొలువుదీరాయి. అన్నీ ఉత్తీర్ణమయ్యాయి. చివర నీలకంఠం గిన్నెలో నీళ్లు పోశారు. అందరూ వంగి కిందకి చూశారు. చుక్క కారలేదు. పావుగంట చూశారు, అయినా కారలేదు.

"పథకం చరిత్రలో నీళ్లు కారకపోవడం ఇదే ప్రథమం," అన్నారు సారథి గారు. "ఇది లోతుగా పరిశీలించాల్సిన పరిణామం."

దండపాణి గారు ఫైలు తిప్పారు. "నిప్పు తగలనిదే రాగి గిన్నె పగలకుండా రాదని నోడల్ అధికారి స్వయంగా రాశారు, పదకొండో పేజీ. అనుమతి ఉన్న నిప్పు జిల్లాలో లేదు. కాబట్టి ఈ గిన్నె బాగుండటమే నిబంధన ఉల్లంఘనకి రుజువు."

సారథి గారు నీలకంఠం వైపు జాలిగా చూశారు. "ఎక్కడ వేడిచేశారు?"

చేయలేదనవచ్చు. ఎండలో పెట్టాననవచ్చు. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవంలో అలాంటివి వంద రాశాడు. కానీ వేలు ఇంకా సలుపుతోంది, ఆ వేలితో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. 

"మా వంటింట్లో సార్," అన్నాడు.

గిన్నెని సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు. పర్యవేక్షకుడిగా సంతకం చేసి గిన్నెతో పాటు ఆయన పెట్టిన చిన్నాన్న కొలిమి దరఖాస్తు తిరస్కరించారు. వంటింటికి సీలు వేయమని ఉత్తర్వైంది. దాన్నీ చక్కటి భాషలో పెట్టమని నీలకంఠానికే ఇచ్చారు.

మర్నాడు ఉదయం దండపాణి గారి సిబ్బంది ఇద్దరూ ఇంటికొచ్చారు. కామాక్షి కాఫీ ఇచ్చింది. తాగాక ఒకాయన లక్క కడ్డీ తీసి మొహమాటంగా, "అమ్మా, కొంచెం పొయ్యి వెలిగిస్తారా, ఇది కరిగించుకోవాలి" అన్నాడు.

"మీరు సీలు వేయడానికొచ్చిందే ఆ పొయ్యికి కదా బాబూ," అంది కామాక్షి. "అనుమతి లేని పొయ్యి మీద లక్క కరిగిస్తే ఆ సీలు చెల్లుతుందా? అందులో మరే పదార్థమును గానీ అని ఉందిగా. మా ఆయన రాత్రింబవళ్లు అదే చదువుకుంటుంటే నాకూ నోటికొచ్చేసింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వివరణ కోరుతూ పైకి రాస్తామని చెప్పి కప్పులు కిందపెట్టి వెళ్లిపోయారు.

నీలకంఠానికి అప్పుడు తట్టింది. చిన్నాన్న కొలిమికి వేసిన సీలు కూడా అలాంటి నిప్పు మీద కరిగిందే. అది మొదటి రోజు నుంచే చెల్లదు. సంతోషంగా తెల్లకాగితం తీసి, 'విషయము:' అని రాసి కింద గీత గీశాడు. ఈ నోట్ సారథి గారి దగ్గర వారం ఉంటుంది. దండపాణి గారి దగ్గర నెల. అక్కడి నుంచి న్యాయ సలహాకి వెళ్తుంది. చిన్నాన్న చేతులు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని అప్పటికే నలభై రోజులు. నీలకంఠం కలం మూత పెట్టి, పెరట్లో ఉన్న సుత్తి అందుకున్నాడు.

కంచర వీధికి చేరేసరికి పది దాటింది. వీధి వీధంతా చూస్తుండగా తాళం మీద ఒక్క దెబ్బ వేశాడు. లక్క ముక్కలై రాలింది, తాళం ఊడింది. 

సోమలింగాచారి అరుగు దిగి వచ్చి తాళాన్ని చూశాడు, తర్వాత నీలకంఠం చేతిని చూశాడు. "దెబ్బ బాగానే పడింది. యేలు?"

"వేలు బాగానే ఉంది చిన్నాన్నా."

ముసలాయన లోపలికెళ్లి కిటికీ మూసి, తిత్తి దగ్గర కూర్చున్నాడు.

సీలు పగలగొట్టిన ఉద్యోగి మీద అభియోగ పత్రం ఇవ్వాలి. అది పటిష్ఠంగా రాయగలిగినవాడు ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. సారథి గారు పిలిచి, కొంచెం ఇబ్బందిపడుతూనే అడిగారు. నీలకంఠం తన మీద తనే పద్నాలుగు అభియోగాలు రాశాడు. కమిటీ గమనించని ఒక తప్పుని కూడా అందులో చేర్చాడు, లేకపోతే ముసాయిదా అసంపూర్తిగా ఉంటుందని. సంజాయిషీ మాత్రం ఒక్క మాటే రాశాడు. 'కొట్టాను.'

విచారణ ముగిసేవరకు యథాతథ స్థితి కొనసాగాలని నియమం. పగిలిన సీలు పగిలినట్టే ఉండాలి గనక కొలిమి నడుస్తోంది. విచారణ ముగియాలంటే ఒకటో సాక్ష్యం, అంటే గిన్నె, దాఖలు కావాలి. అది సారథి గారి బల్ల మీదుంది. రాగి పాత్రలో నీళ్లు తాగడం ఒత్తిడికి మంచిదని ఆయన ఈ మధ్య మరో శిక్షణలో విన్నారు. ఆఫీసులో మరే గిన్నెలోనూ నీళ్లు నిలవకపోవడంతో సాక్ష్యం దాఖలు వాయిదా పడుతూ వస్తోంది.

నీలకంఠం సాయంత్రాలు కొలిమి దగ్గరికి వెళ్తున్నాడు. మూడో గిన్నె అంత వంకరగా లేదని, కేవలం అసయ్యంగా ఉందని చిన్నాన్న అన్నాడు. పొద్దున పూట ఫైళ్లు పట్టుకుని సారథి గారి గదిలోకి వెళ్తే, ఆయన ఆ వంకర అంచుని పెదవులకి ఆనించి గటగటా తాగుతూ కనిపిస్తారు. గిన్నె మీది చుక్కల అక్షరాలు గుమ్మం వైపు తిరిగి ఉంటాయి. ఇరవై తొమ్మిదేళ్లుగా తన పేరు మీద వెలువడిన వాటిలో ఒక మనిషి దాహం తీర్చినది అదొక్కటేనని నీలకంఠం ప్రతిరోజూ అనుకుంటాడు. అనుకుని, ఫైళ్లు బల్ల మీద పెట్టి వచ్చేస్తాడు.